నీళ్ళ కింద నలభై అడుగులు

"నాలుగింటికి సర్కిల్ గారి జీపొస్తది. అప్పటిదాకా ఈ తలుపు తియ్యను," అన్నాడు పుల్లారావు, గోడౌను తాళంచెవిని వేలికి తగిలించుకుని తిప్పుతూ.

అమరేశ్వరరావు చేతి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా ఇరవై.

"తియ్యకపోతే మానండి. కిటికీ ఉందిగా, దాన్లోంచి మాట్లాడతా."

"మాట్లాడేదానికి మీరెవరు?"

"ఖాసిం భార్య పెట్టుకున్న డిటెక్టివ్‌ని."

పుల్లారావు నవ్వాడు. "పోలీసు పనిలో ఇరవయ్యేడేళ్ళు చేసి రిటైరయినోణ్ణి నేను. మీరు నరసరావుపేటలో మిరపకాయలు అమ్మిపెట్టిన బ్రోకరు. నాకు తెలవదనుకున్నారా?"

"పదహారేళ్ళు అమ్మిపెట్టా. బస్తా పైన ఎర్రకాయ పరిచి అడుగున తాలుకాయ కుక్కే వాళ్ళని ఎంతమందిని చూశానో చెప్పలేను. మీ కేసూ పైకి మంచి ఎరుపు మీద ఉంది పుల్లారావు గారూ. ఒకసారి అడుగుదాకా చెయ్యి పోనివ్వండి."

కేసు పైకి ఎర్రగానే ఉంది మరి. గురజాలకు ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఈ నల్లగుట్ట నాపరాళ్ళ క్వారీ యల్లమందయ్యది. పుల్లారావు ఆయన దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు. నిన్న, గురువారం పొద్దున ఆరింటికి, వానలకు నిండిన క్వారీ గుంటలో సూపర్‌వైజరు అంకారావు శవం రాతి మెట్టుకు ఆనుకుని కనిపించింది. తల వెనక దెబ్బ ఉంది. అక్కడికి రెండు బారల దూరంలో, నీటి అడుగున, మూడడుగుల రేకు సబ్‌మెరైన్ దొరికింది. రేడియోతో నడిచే ఆ బొమ్మ పడవను చేసినవాడు గురజాల రేడియో మెకానిక్ ఖాసిం. బుధవారం సాయంత్రం అంకారావుతో గట్టిగా మాటలాడుతూ కనిపించినవాడూ ఖాసిమే. పుల్లారావు లెక్క రెండు ముక్కల్లో తేలింది. ఖాసిం రాత్రిపూట పడవ తిప్పుకోడానికి దొంగతనంగా వచ్చాడు. అంకారావు అడ్డుపడితే కొట్టి నీళ్ళలోకి తోశాడు. ఊరి మునసబు కాగితం రాసి, సర్కిల్ వచ్చేదాకా ముద్దాయిని కంపెనీ గోడౌనులో ఉంచమన్నాడు. నాలుగింటికి అప్పగిస్తే హత్యానేరం కింద గుంటూరు జైలు, ఆ తర్వాత ఉరికంబం.

అమరేశ్వరరావుకు ఈ లెక్కలో నచ్చని సంగతి ఒక్కటే. మనుషుల వ్యవహారంలో ఏదీ ఇంత సులువుగా సరిపోదు.

గోడౌను గుమ్మం మీద సాబిరా కూర్చుని ఉంది, ఒళ్ళో టిఫిన్ క్యారియరుతో. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె అక్కడే ఉంది.

"ఏమ్మా, ఇంటికి పోవా?" అన్నాడు పుల్లారావు.

"తాళం నీ చేతిలోనేగా ఉంది. నన్ను కూడా లోపలేసి బిగించుకో. ఇంటికి మాత్రం పోను."

కిటికీ ఊచల వెనక ఖాసిం నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎనిమిదేళ్ళు బొంబాయి ఓడరేవులో కరెంటు పని చేసి వచ్చాడు. కన్ను కింద కమిలిన మచ్చ ఉంది. చూపు మాత్రం దించలేదు.

"అంకారావుని చంపావా?" సూటిగా అడిగాడు అమరేశ్వరరావు.

"చంపితే నా పడవని అక్కడే వదిలేసి పోతానా? పద్నాలుగు నెలలు చేశా దాన్ని."

"నీళ్ళే లేని పల్నాట్లో సబ్‌మెరైనేందయ్యా?"

"అందరూ అదే అడిగారు. అడిగి నవ్వారు. నవ్వబట్టే చేశా."

సమాధానం అమరేశ్వరరావుకు నచ్చింది. సరుకు కొనేవాడిలా ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాడు. "లోపలికి నీళ్ళు ఎక్కడెక్కడ దూరే వీలుంది?"

"నాలుగుచోట్ల. ఒంటి అతుకులకి రేకుపని చేసే ఇస్మాయిల్ చేత తగరం పోయించా. ముక్కు మా ఇంటి ఇత్తడి చెంబు అడుగుభాగం, దానికీ తగరమే. పైమూతకి సైకిల్ ట్యూబు పట్టీ. సాబిరా కత్తిరించింది, పన్నెండు స్క్రూలు బిగించా. ఏరియల్ తీగ బయటికొచ్చేకాడ గాజులోళ్ళ లక్క. నాలుగోది తోక దగ్గర పంకా ఇరుసు. అక్కడే అసలు తంటా. తిరిగే ఇరుసు కదా, అతికిచ్చేదానికి లేదు."

"మరేం చేశావు?"

"దున్నపోతు తోలుతో రెండు బిళ్ళలు కోసి, పదిరోజులు ఆముదంలో నానేసి ఇరుసు సుట్టూ బిగిచ్చా. రెండిటి నడుమ మైనం, కొవ్వు కలిపి కూరా. బొట్టు దూరదు."

"దూరదని నువ్వంటే సరిపోతుందా?"

"నేనెందుకంటా, గుడ్డే అంటది. పంచరు షాపోడు పెట్టే వాల్వొకటి పడవ వీపు మీద పెట్టా. సైకిల్ పంపుతో గాలి కొట్టి తొట్లో ముంచితే బుడగొచ్చినకాడ కన్నం. ఆర్నెల్లు బుడగలే ఎతుక్కున్నా. ఆ తర్వాత లోపల తెల్లగుడ్డ పరిచి దానిమీద సిరా బిళ్ళ పెట్టా. ఒక్క బొట్టు దూరినా గుడ్డ నీలమవుద్ది. బుధవారం పదకొండు సార్లు మునిగింది. సాయంత్రం ఆరున్నరకి మూత తీసి చూస్తే గుడ్డ మల్లెపువ్వల్లే ఉంది. అంకారావు గారు కూడా చూశాడు."

"లైసెన్సు లేకుండా వైర్‌లెస్ నడిపాడు, అది చెప్పడే!" అన్నాడు పుల్లారావు వెనక నుంచి.

"దరఖాస్తు పెట్టా. రశీదు ఇంట్లో ఉంది. పోయి చూసుకో."

"తర్వాత పడవ ఏమయింది?" అడిగాడు అమరేశ్వరరావు.

"పంపు షెడ్డులో బల్ల మీద పెట్టి పోయా. అంకారావు గారే పెట్టమన్నాడు, పొద్దున్నే ఇంకోసారి చూద్దామని."

"ఆయనతో మాటలెందుకు పెరిగినై?"

ఖాసిం పుల్లారావు వంక చూశాడు. "ఈయన యల్లమందయ్య జీతం తింటన్నాడు. ఈయన ముందర చెప్పను."

"చెప్పకపోతే ఉరిపడుద్దిరా!" అరిచాడు పుల్లారావు.

"పడనీ. నీకు మాత్రం చెప్పను."

అమరేశ్వరరావు బలవంతం చెయ్యలేదు. ధర చెప్పనని మొండికేసిన రైతు దగ్గర సరుకు ఉన్నట్టే. అతను గుమ్మం దిగుతుంటే సాబిరా లేచి, "అన్నా, నీళ్ళు తాగి పో," అంటూ టిఫిన్ క్యారియరు పైగిన్నె తీసి చేతికిచ్చింది. గిన్నెలో నీళ్ళు లేవు. నూనెమరకల చిన్న పుస్తకం ఉంది. పుల్లారావు అప్పుడు తాళం సరిచూసుకుంటున్నాడు. పుస్తకం అమరేశ్వరరావు లాల్చీ జేబులోకి పోయింది.

పంపు షెడ్డుకు నడుస్తూ దాన్ని తెరిచాడు. బుధవారం తారీకు కింద పదకొండు గీతలు. పడవ పడమటి మెట్టు దగ్గర బయల్దేరి తూర్పు గోడకు కొట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఖాసిం రాసుకున్నాడు. మొదటి పది మునకలకూ అరవై, అరవయ్యొకటి, అరవై. పదకొండోదానికి ఎదురుగా, "కొద్దిగా ఎడమకి, ఎనిమిదడుగుల లోతు. గోడ తగల్లేదు. వంద."

గోడ తగల్లేదు! అతను ఆ మాటను రెండుసార్లు చదువుకుని పుస్తకం మూశాడు.

షెడ్డు చేరేసరికి ఒకటీ యాభై. పుల్లారావు కూడా వెనకాలే వచ్చాడు. లోపల ఆయిల్ ఇంజిను, పక్కన నీళ్ళు తోడే పంపు, గోడవారగా బల్ల ఉన్నాయి. బల్ల మీద పుల్లారావు చీటీ అంటించిన సబ్‌మెరైన్ ఉంది. పంపు డ్రైవరు కృపావరం తలగుడ్డ తీసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నేలేంది ఇంత శుభ్రంగా ఉంది?" అన్నాడు అమరేశ్వరరావు.

"అదే నాకూ అర్థం కాలేదయ్యా. బుధవారం ఆరున్నరకి నేను పోయేటప్పుడు నూనె మడుగులున్నయ్యి. నిన్న పొద్దున ఆరింటికి వస్తే కడిగేసి బూడిద చల్లి ఉంది. నేనొచ్చిన పదేళ్ళలో ఈ షెడ్డు కడిగినోడు లేడు, నాతో కలిపి."

పుల్లారావు బూడిదను కాలితో గీరి చూశాడు. ఆ బూడిదను నిన్న ఆయన కూడా తొక్కాడు. ఎందుకు చల్లారని అడగలేదు.

అమరేశ్వరరావు పడవను తిరగేశాడు. మూత స్క్రూలు పన్నెండూ బిగిసే ఉన్నాయి. ట్యూబు పట్టీ చెక్కుచెదరలేదు. లక్క పగల్లేదు, తగరం అతుకులు విడలేదు. మూత విప్పి చూస్తే లోపలి గుడ్డ ముదురు నీలంగా ఉంది. నీళ్ళు దూరింది నాలుగోచోట నుంచే అన్నమాట. తోక దగ్గరి నట్టును వేళ్ళతో పట్టుకున్నాడు. స్పానరు అక్కర్లేకుండానే తిరిగింది. లోపలి నుంచి నల్లటి తాడు ముక్కలు మూడు బయటపడ్డాయి. తోలు లేదు, మైనం లేదు. వాసన చూశాడు. ఆముదం వాసన కూడా లేదు.

"ఇదేంది కృపావరం?"

"గ్రాఫైట్ తాడయ్యా. పంపు గ్లాండులో చుడతాం, ఇరుసు పక్కన నీళ్ళు కారకుండా."

"కారకుండా చుడితే మరి నట్టెందుకు వదులుగా ఉంది?"

కృపావరం పళ్ళు కనపడేట్టు నవ్వాడు. "పంపు గ్లాండు బిర్రుగా బిగిస్తే ఇరుసు కాలిపోద్ది. అందుకని బిగిచ్చినాక అర చుట్టు వెనక్కి తిప్పుతాం. నిమిషానికి ఇరవై బొట్లు కారాల. పంపుకి అదే మందు. పడవకైతే అదే చావు. ఇది కట్టినోడికి పంపులు తెలుసు, పడవలు తెలవవు."

అమరేశ్వరరావు నేల మీద బోర్లా పడుకుని ఇంజిను దిమ్మె కింద చెయ్యి పెట్టాడు. బూడిద లోపలిదాకా పోలేదు. వేళ్ళకు మెత్తగా ఒకటి తగిలింది. బయటికి తీస్తే రూపాయి బిళ్ళంత తోలు ముక్క, మధ్యలో చిల్లు. ముక్కు దగ్గర పెట్టుకోకముందే ఆముదం వాసన కొట్టింది.

"చూడండి పుల్లారావు గారూ. అంకారావు చచ్చింది గుంట దగ్గర కాదు, ఈ షెడ్డులో. పెనుగులాటలో పడవ కింద పడి తోక ఊడింది. ఖాసిం బిళ్ళలు చెల్లాచెదురయ్యాయి. చంపినవాడికి పడవ నీళ్ళలో తిరిగినట్టు కనపడాలి, అప్పుడే నేరం ఖాసిం నెత్తిన పడుతుంది. అందుకని తోక తనే బిగించాడు. తొందరలో అలవాటైన పనే చేసింది చెయ్యి. నట్టు అర చుట్టు వెనక్కి తిప్పింది."

పుల్లారావు మొహం ఎర్రబడింది. కానీ ఇరవయ్యేడేళ్ళ అలవాటు ఊరికే పోదు. చటుక్కున తిరిగి, "అయితే వీడే! ఒరేయ్ కృపావరం, నిన్నూ లోపలెయ్యాల!" అన్నాడు.

"ఎయ్యి," అన్నాడు కృపావరం రొమ్ము విరుచుకుని. "బుధవారం రాత్రి ఏడు కాణ్ణించి తెల్లారి ఐదు దాకా మా చర్చిలో ఉపవాస కూటం. డోలు నేనే వాయించా. నిద్రపట్టక పక్కపేటోళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇంకా నా చెవుల్లోనే ఉన్నయ్యి, పోయి వాళ్ళనే అడుగు. ఇంకో మాట. ఆర్నెల్లుగా ఈ షెడ్డుకి గ్రాఫైట్ తాడు ఇచ్చిన నాథుడు లేడు. అడిగి అడిగి నోరు పడిపోయింది. నా పంపు గ్లాండు విప్పి చూసుకో, పాత నూలుతాడే ఉంటది."

అమరేశ్వరరావు విప్పించి చూశాడు. నూలుతాడే ఉంది.

"పల్నాట్లో ఆయిల్ ఇంజినున్న ప్రతోడికీ గ్లాండు కట్టడం వచ్చు," అన్నాడు పుల్లారావు, వెనక్కి తగ్గకుండా. "వాళ్ళందర్నీ వరసలో నిలబెడతారా?"

"వరస అక్కర్లేదు. ఆ వచ్చే జీపు చాలు."

యల్లమందయ్య రెండూ ఇరవైకి షెడ్డు ముందు దిగాడు. అరవై ఏళ్ళ మనిషి, తెల్లని ఖద్దరు. భుజాలు మాత్రం ఇంకా బరువులు మోసినవాడివే. "ఏంది తంతు? సర్కిల్ గారు వచ్చే వేళకి సాక్ష్యం సామాను ఇట్టా విప్పి పెడతారా?"

అమరేశ్వరరావు చేతులు జోడించాడు. "తప్పు నాదేనండి. అన్నీ విప్పాను, మళ్ళీ బిగించడం చేతకావటంలా. డ్రమ్ములో ముంచి ఖాసిం అతుకులు కారతాయని సర్కిల్ గారికి చూపిస్తే, పడవ కారి మునగబట్టే వదిలేసి పోయాడని తేలుతుంది, మీకే లాభం. కృపావరం తోక దగ్గర తాడు చుట్టలేనంటున్నాడు. ఈ పని తెలిసినవాళ్ళు ఈ తాలూకాలోనే లేరట."

"ఎవడన్నాడా మాట?" యల్లమందయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఈ క్వారీ కొనకముందు అరవై ఊళ్ళలో ఇంజిన్లు బిగిచ్చిన చెయ్యిది. ఒరేయ్ కృపావరం, పదేళ్ళబట్టి ఏం నేర్చుకున్నావురా? జీపులో నా పెట్టె ఉంది, అట్టుకురా."

పెట్టెలో కొత్త గ్రాఫైట్ తాడు చుట్ట ఉంది. యల్లమందయ్య గొంతుక్కూర్చుని ముక్క కోశాడు, ఇరుసు చుట్టూ తొడిగాడు, మళ్ళీ కోశాడు. మూడు ముక్కలు. నట్టు బిర్రుగా బిగించాడు. ఆ పైన, మొహం పుల్లారావు వైపు తిప్పి మాట్లాడుతూనే, వేళ్ళతో అర చుట్టు వెనక్కి తిప్పాడు.

కృపావరం అమరేశ్వరరావుకు కళ్ళతో ఆ నట్టు చూపించాడు.

అమరేశ్వరరావు పడవలో కొత్త తెల్లగుడ్డ పరిచి, సాబిరా దగ్గర తెప్పించిన సిరా బిళ్ళ పెట్టి, మూత బిగించి డ్రమ్ములో ముంచాడు. ఐదు నిమిషాలు గడియారం చూశాడు. మూత తీశాడు. గుడ్డ సగం నీలమయింది.

"ఖాసిం అతుకు కారిందని చూపియ్యాలన్నావుగా, కారింది," అన్నాడు యల్లమందయ్య లేస్తూ.

"కారింది మీ అతుకు." అమరేశ్వరరావు ఆ తోక విప్పి, మూడు ముక్కలను పాత మూడు ముక్కల పక్కన పేర్చాడు. కృపావరం వంగి చూశాడు.

"మేమందరం తాడు ఏటవాలుగా కోస్తామయ్యా, అంచు మీద అంచు కూర్చునేదానికి. ఇయ్యి ఆరూ నిలువుకోతే. పొడుగు కూడా ఒకటే."

యల్లమందయ్య పకపకా నవ్వాడు. "నిలువుకోత కోసినోడు హంతకుడా? ఇట్టా కోసేటోళ్ళు పల్నాట్లో వందమంది ఉంటారు."

"ఉండచ్చు. అంకారావు నోరు మూయించాల్సిన అవసరం ఆ వందలో ఒక్కరికే ఉంది." అమరేశ్వరరావు పుస్తకం తీశాడు. "పదిసార్లు గోడకి కొట్టుకున్న పడవ పదకొండోసారి కొట్టుకోలేదు. మీ తూర్పు గోడకి నీళ్ళ కింద కన్నం ఉంది యల్లమందయ్య గారూ. మీ హద్దురాయి దాటి పక్కచేను కింద రాయి తవ్వుకున్నారు. వానలొచ్చాక పంపు ఆపించి గుంట నింపింది అందుకే, కన్నం కనపడకుండా. అంకారావు దాన్ని కనిపెట్టాడు."

"బొమ్మ చెప్పిన సాక్ష్యమా?"

"ఇంకోసారి చెప్పిద్దాం. పుల్లారావు గారూ, ఖాసింని వదలండి."

"వదిలావంటే రేపట్నుంచి నీకు కొలువు లేదు పుల్లారావూ," అన్నాడు యల్లమందయ్య.

పుల్లారావు ఆరు తాడు ముక్కలనూ చూశాడు. తన కాలికింది బూడిద చూశాడు. "కొలువు కాపలాకి ఇచ్చారండీ. కళ్ళు మూసుకునేదానికి ఇవ్వలా. ఈ బ్రోకరు చెప్పింది తప్పయితే ఈయన్నే లోపలేస్తా. ఒప్పయితే..." మాట పూర్తిచెయ్యకుండా గోడౌను వైపు నడిచాడు.

"తిప్పుకోండి మీ బొమ్మని. నేను బువ్వ తినొస్తా," అని యల్లమందయ్య జీపెక్కాడు. ఆయనను ఆపే హక్కు అక్కడ ఎవరికీ లేదు.

రెండూ నలభై ఐదు. ఖాసిం బయటికొచ్చి మొదట పడవను తడిమాడు, ఆ తర్వాతే భార్యను చూశాడు. సాబిరా అతని పనిముట్ల సంచి తెచ్చి పక్కన పెట్టింది. అలవాటే కాబోలు.

"రేడియో లోపలి లాంపులు తడిసి చచ్చినయ్యి," అన్నాడతను లోపల చూసి. "మోటారు ఆరబెడితే తిరుగుద్ది. అలారం గడియారం మర బతికే ఉంది. సిగ్నల్ అందకపోయినా వందో సెకనుకి ఆ మర మోటారుని వెనక్కి తిప్పుద్ది. చుక్కాని తిన్నగా కట్టేస్తే వచ్చిన దోవనే వస్తది. తోలుబిళ్ళ మాత్రం ఒకటే దొరికింది, రెండోది కావాల."

సాబిరా కాలి చెప్పు తీసి అతని ముందు పెట్టింది. "కొయ్యి."

కృపావరం ఆముదం డబ్బా తెచ్చాడు. గురజాల రోడ్డు మీది బడ్డీకొట్టు నుంచి మోటారుకూ, ముక్కు మీద కట్టిన దీపానికీ టార్చి బ్యాటరీలు వచ్చాయి. ఖాసిం చెప్పుతోలు కోసి, నూనెలో పిసికి, మైనం కూరి, నట్టు చివరిదాకా బిగించాడు. వెనక్కి తిప్పలేదు. వీపు మీది వాల్వులో సైకిల్ పంపుతో మూడుసార్లు గాలి కొట్టి డ్రమ్ములో ముంచాడు. బుడగ రాలేదు.

ఈలోగా సంగతి పాకింది. రాళ్ళు కొట్టే కూలీలు, చేలల్లో ఉన్న ఆడవాళ్ళు ముప్ఫైమంది దాకా చేరారు. నీళ్ళలో దీపం బాగా కనపడుతుందని అందరూ తూర్పు గట్టెక్కారు. అందరికన్నా ముందు బసవమ్మ నిలబడింది. గట్టు అవతలి వేరుశనగ చేను ఆమెది. భర్త పోయినా తొమ్మిదేళ్ళుగా ఒక్కతే దున్నించుకుంటోంది.

మూడూ ముప్ఫై మూడుకి ఖాసిం పడమటి మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, పదకొండో మునక పోయిన వైపుకే పడవను వదిలాడు. పుల్లారావు జేబు గడియారం పట్టుకుని పైకే లెక్కపెట్టాడు. ముక్కు దీపం పచ్చటి నీళ్ళలో కిందికి దిగి, తూర్పుకు సాగింది. సెకనుకు అడుగు చొప్పున.

"యాభై. యాభై ఐదు. అరవై."

గోడకు కొట్టుకున్న చప్పుడు కాలేదు. దీపం గోడలోకి పోయి మాయమయింది.

"అరవై ఐదు," అన్నాడు పుల్లారావు నెమ్మదిగా. "డెబ్భై. ఎనభై... తొంభై... వంద."

"తిరిగింది," అన్నాడు ఖాసిం, కళ్ళు మూసుకుని.

నూటనలభైకి దీపం గోడలోంచి వెనక్కి బయటికొచ్చింది. గట్టు మీద కేకలు లేచాయి.

"గోడ దాటి నలభై అడుగులు," అన్నాడు అమరేశ్వరరావు పుల్లారావుతో. "హద్దురాయి గోడకి నాలుగడుగుల్లో ఉంది. పోగా ముప్ఫయ్యారు అడుగులు ఆ చేను కింద. నా లెక్క తప్పయితే నన్ను లోపలెయ్యచ్చు."

"తప్పు కాదు," అన్నాడు పుల్లారావు. ఆ రెండు ముక్కలూ పలకడానికి ఆయనకు చాలా కష్టమైంది. అయినా అందరికీ వినపడేట్టే అన్నాడు. "ఖాసిం, సర్కిల్ గారికి నేనే చెప్తా. బుధవారం ఏందయ్యా మీ ఇద్దరికీ గొడవ?"

"కన్నం సంగతి అప్పటికప్పుడే ఊళ్ళో చెప్దామన్నా నేను. కొలతలన్నీ తీసి తాలూకాఫీసులో ఇచ్చినాకే నోరు తెరుద్దామన్నాడు అంకారావు గారు. ఒట్టు పెట్టిచ్చుకున్నాడు." ఖాసిం నీళ్ళ వంక చూశాడు. "నా మాట వినుంటే బతికేటోడు."

గట్టు మీద నుంచి బసవమ్మ గొంతు వినపడింది. "ఏందీ, నా చేను కిందనా? నా చేను కింద తవ్వాడా ఆ సచ్చినోడు? రానీ ఆణ్ణి!"

పడవ మెట్టు దగ్గరికి వస్తోంది గానీ, చివర్లో వేగం తగ్గింది. పంకా మొరాయిస్తోంది. ఖాసిం నీళ్ళలోకి దిగి దాన్ని రెండు చేతులా ఎత్తాడు. పంకాకు రెండు తీగలు చుట్టుకుని ఉన్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. కొత్తవి. వాటి పొడవు ఒక వైపు నీళ్ళలో పడి తూర్పు గోడ కన్నంలోకే పోతోంది, రెండో వైపు ఆ గోడ పగులు వెంట పైకెక్కి గట్టు గడ్డిలోంచి చేను వైపు పోతోంది.

పుల్లారావు తీగను వేళ్ళతో పట్టుకుని చూశాడు. గడియారం ఆయన చేతిలోంచి జారి మెట్టు మీద పడింది.

"పేలుడు తీగ," అన్నాడు. "కన్నంలో మందు కూరి పెట్టాడు. మొత్తం కూల్చి సాక్ష్యం పూడ్చేదానికి. పేల్చే డబ్బా ఎప్పుడూ ఆయన జీపులోనే ఉంటది."

అమరేశ్వరరావు తలెత్తి తూర్పు గట్టు చూశాడు. ముప్ఫైమంది మనుషులు సరిగ్గా ఆ కన్నం మీద నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక, చేను చివర, ఊళ్ళోకి భోజనానికి పోయిన జీపు చింతచెట్టు పక్కన ఆగి ఉంది.

"దిగండి!" గొంతు చించుకున్నాడు పుల్లారావు. "అందరూ గట్టు దిగండి! బసవమ్మా, వాళ్ళని తీసుకుని ఇటు పరిగెత్తు!"

బసవమ్మ నడుం మీద చేతులేసుకుంది. "కంపెనీ బంటువి నువ్వు చెప్తే నేను దిగాల్నా? నా చేలోంచి నన్ను దిగమనేదానికి నువ్వెవడివిరా? కదల్ను! ఎవరూ కదలమాకండే!"

కృపావరం అప్పటికే గట్టు వైపు పరుగెడుతున్నాడు.

"కటింగ్ ప్లేయరు!" అన్నాడు అమరేశ్వరరావు చెయ్యి చాపి.

"ముందు ఎర్రది, తర్వాత తెల్లది," అన్నాడు ఖాసిం. "రెండూ కలిపి కత్తిరిస్తే అంచులు తగులుకుంటయ్యి." సాబిరా పనిముట్ల సంచి ఒంపి వెతుకుతోంది. ఖాసిం రెండు తీగలనూ విడదీసి, ఒక్కో గుప్పిట్లో ఒక్కోటి బిగించి పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అతని పిడికిళ్ళలో ఆ రెండు తీగలూ కదిలాయి. చేను చివర, జీపు పక్కన, ఎవరో వాటిని తమ వైపుకు లాక్కుంటున్నారు.